అడ్వైజరుకి దొరికిన పర్మనెంటు

ఆ ఉదయం రోహిణికి ఒక్కటే పని. కాలేజీలో అడ్వైజర్ కౌండిన్య చేత సంతకం పెట్టించుకుని, నెట్‌వర్క్స్ సబ్జెక్టు వదిలి మెషిన్ డిజైన్‌కి మారాలి. గడువు ఆ మధ్యాహ్నంతో సరి. పది నిమిషాల పని, తాతయ్య గణపతిరావు వెంట రాకపోతే. భిలాయి స్టీలు ప్లాంటులో రిటైరైన ఆయన, మనవరాలి భవిష్యత్తును ఆటోలో ఒంటరిగా పంపే మనిషి కాదు.

కౌండిన్య మార్కులు చూడలేదు. "ఆదివారం ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగాడు.

"పక్కింటోళ్ల కూలర్ రిపేర్ సర్. మోటర్ విప్పితే టైమే తెలీదు, పతా హీ నహీ చల్తా."

"మరి నెట్‌వర్క్స్‌తో నీకేం పని? డిజైన్ తీసుకో. సెలవుల్లో ఏదైనా వర్క్‌షాపులో చేరు. ఉద్యోగానికి అదే పనికొస్తుంది." పెన్ను తీశాడు.

గణపతిరావు మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే, భిలాయిలో పెద్దవాళ్లు అల్లుణ్నయినా ముందు అడిగే ప్రశ్న అడిగేశాడు.

"బాబూ, నీది పర్మనెంటా, కాంట్రాక్టా?"

"కాంట్రాక్టండి. మార్చి దాకా."

గణపతిరావు పెన్ను పట్టుకున్నాడు. "ఆగు బాబూ. నువ్వే ఎల్లిపోతే మా పిల్లకి దారి సూపేదెవడు? ముందు నీ సంగతి సూడాల."

"తాతయ్యా, సైన్ కర్‌నే దో నా!"

"నువ్వుండవే. నీ కోసమే."

ఆయన ఫోన్ అందుకుని, సుపేలా బజారులో టీ తాగుతున్న యూనియన్ మిత్రులు కాలేజీకి బయల్దేరారు. దారిలో జనం చేరారు. సగం మందికి విషయం తెలియదు, నినాదాలు తెలుసు. వాటిలో ఒకాయనకు అలవాటైనది ఒక్కటే, చనిపోయిన నాయకులకు ఇచ్చేది.

"కౌండిన్య భయ్యా, అమర్ రహే!"

సంతాపంగా క్యాంటీన్ మూసేశారు. ఎవరో దండ తెచ్చారు. ప్రిన్సిపాల్ రజనీకుమారి కంగారుగా కిందికి దిగింది.

"అయ్యో, పాపం! మీకేం కావాలి?"

"పర్మనెంట్ కరో!" అని గుంపు అరిచింది.

చనిపోయినవాణ్ని పర్మనెంటు చేస్తే జీతమివ్వక్కర్లేదు అనుకుంది. ఆమె కళ్లొత్తుకుంటూ అక్కడికక్కడే ఆర్డరు మీద సంతకం చేసి, ముద్ర కూడా వేయించింది.

"థాంక్యూ మేడమ్," అన్నాడు గుంపులోంచి కౌండిన్య.

ఆమెకు నీళ్లు చల్లాల్సి వచ్చింది.

రోహిణి అతన్ని గదిలోకి లాక్కెళ్లి కాగితం ముందు పెట్టింది. "సర్, జల్దీ!"

కౌండిన్య ఆర్డరును జేబులో పెట్టుకున్నాడు. కుర్చీలో మొదటిసారి వెనక్కి వాలాడు.

"లంచ్ టైమమ్మా. రేపు రా."

"ఆజ్ లాస్ట్ డేట్ హై సర్!"

"అప్లికేషన్ పెట్టుకో. చూద్దాం."

"సూసావేటే!" గణపతిరావు ముఖం వెలిగిపోయింది. "అప్పుడే ఎంత బాగా అలవాటైపోయిందో!"

రోహిణి ఇప్పుడు నెట్‌వర్క్స్ చదువుతోంది.