పొడిగించిన ప్రొబేషన్

ఆ రోజు పొద్దున రేపటయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆఫీసుకి వెళ్లాలి, ఉద్యోగం పర్మనెంటైందన్న లెటర్ తీసుకోవాలి, దాన్ని అద్దెకి మాట్లాడుకున్న ఇంటి ఓనరుకి చూపించి తాళం చెవులు అందుకోవాలి, సాయంత్రానికల్లా మామగారింట్లోంచి భార్యతో సహా బయటపడాలి. అంతే. ప్రొబేషన్ ఆర్నెల్లూ ఆ రోజుతో పూర్తి. రేపటయ్య అన్నది అతని అసలు పేరు కాదు. ఏ పని చెప్పినా "రేపు చేసేస్తానండి" అంటాడని ఆఫీసువాళ్లు పెట్టారు. ఎలా పాకిందో గాని ఇంటిదాకా పాకింది.

మామగారు అదే కంపెనీలో హెడ్ అకౌంటెంటుగా చేసి రిటైరైన మనిషి. ఆయన మాట మీదే అల్లుడికి అక్కడ ప్రోగ్రామర్ ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి రోజూ టిఫిన్‌తో పాటు వడ్డిస్తూ ఉంటారు.

"నా పరువు నీ చేతుల్లో పెట్టానోయ్ అల్లుడూ! జాగ్రత్త," అన్నారు ఆ రోజు కూడా.

"అలాగే మావయ్యా," అని రేపటయ్య తల వంచుకుని తినేశాడు. ఈ పాఠం ఇవాళ్టితో ఆఖరు కదా అని ఓర్చుకున్నాడు. లోపలి గదిలో భార్య అప్పుడే గిన్నెలు అట్టపెట్టెల్లోకి సర్దుతోంది.

ఆఫీసులో అడుగుపెట్టేసరికి హెచ్‌ఆర్ మేడమ్ అతని సీటు దగ్గరే కాచుకుని ఉంది.

"ఉద్యోగుల సాఫ్ట్‌వేర్‌లో ఇంకో స్థితి పెట్టాలి. ప్రొబేషన్‌కీ పర్మనెంట్‌కీ మధ్య, 'పొడిగించిన ప్రొబేషన్' అని. మధ్యాహ్నానికల్లా కావాలి."

"అయ్యో, ఎవరికి మేడమ్?"

"ముందు పెట్టు. తర్వాత చెప్తా."

ఆ సాఫ్ట్‌వేర్ రాసింది రేపటయ్యే. నిజం చెప్పుకోవాలి, ముచ్చటగానే రాశాడు. ఒక్కో స్థితికీ ఒక్కో క్లాసు, అంటే విడిగా ఓ ప్రోగ్రాం ముక్క. మనిషి ఆ స్థితిలోకి అడుగుపెట్టగానే ఏం చేయాలో ఆ క్లాసే చూసుకుంటుంది. పర్మనెంటైతే అభినందనల మెసేజీ పంపి, అన్ని తలుపులూ అతని కార్డుకి తెరుచుకునేలా చేస్తుంది. రాజీనామా అయితే వీడ్కోలు చెప్పి కార్డు ఆపేస్తుంది. రిటైరైతే కృతజ్ఞతలు చెప్తుంది. బద్ధకించింది ఒక్క చోటే. ఎవరు ఏ స్థితిలో ఉన్నారన్నది డేటాబేస్‌లో దాచేటప్పుడు స్థితి పేరు రాయకుండా, వరసలో దాని నంబరు వేసి ఊరుకున్నాడు. ప్రొబేషన్ ఒకటి, పర్మనెంట్ రెండు, రాజీనామా మూడు, రిటైర్మెంట్ నాలుగు.

పక్క సీటు సీనియర్ అప్పుడే మొత్తుకున్నాడు. "నంబర్లొద్దురా బాబూ, పేర్లు దాచు. మధ్యలో ఇంకోటొచ్చి దూరిందంటే నీ కొంప మునుగుతుంది."

"రేపు మార్చేస్తా అన్నా," అన్నాడు రేపటయ్య. ఆ రేపు ఇంకా రాలేదు.

కొత్త స్థితిని ఒకటికీ రెండుకీ మధ్య దూర్చాడు. పర్మనెంట్ లెటర్ కోసం ఎదురుచూస్తూ ఈ చావుకబురు అందుకోబోయే అభాగ్యుడెవడో అని మనసు కలుక్కుమంది. అందుకని మెసేజీ కాస్త దయగా రాశాడు: "నిరుత్సాహపడకండి. రేపనేది ఒకటుంది!" టెస్టింగు సంగతి రేపు చూద్దామనుకుని సాఫ్ట్‌వేర్ ఆన్ చేశాడు. అది డేటాబేస్‌లోంచి అందరినీ చదివి, తలుపుల కార్డులతో సరిచూసి, తేడా కనిపించిన ప్రతివాణ్ణీ తన నంబరుకి ఇప్పుడున్న స్థితిలోకి నెట్టింది.

హాలంతా ఒక్కసారిగా ఫోన్లు మోగాయి.

"ఏంటిది? నేను నిరుత్సాహపడకూడదా?" అంది ఇరవయ్యేళ్లుగా పనిచేస్తున్న క్యాషియరమ్మ.

రేపటయ్య తెర వైపు చూశాడు. రెండో నంబరు ఇప్పుడు కొత్త స్థితిది కావడంతో, ఆ నంబరున్న పర్మనెంటువాళ్లందరూ పొడిగించిన ప్రొబేషన్‌లో పడ్డారు. అందరితో సమానంగా ఉంటానని గొప్పకి తన పేరు కూడా ఉద్యోగుల జాబితాలో రాయించుకున్న యజమాని, తన గది తలుపు ముందు నిలబడి కార్డు గీకుతున్నాడు. గీకిన ప్రతిసారీ తలుపు కుయ్యిమంటోంది.

"ఇదివరకు రెండు పర్మనెంటైతే, మూడేంటి?" అన్నాడు సీనియర్.

మూడు రాజీనామా. ఇప్పుడదే పర్మనెంట్. జవాబు కాసేపటికి లిఫ్టులోంచి నడిచి వచ్చింది. పోయిన నెల యజమానిని అందరి ముందూ కడిగేసి, ఉద్యోగం మొహాన కొట్టి వెళ్లిపోయిన మీసాల మేనేజరు, ఫోన్లో అభినందనల మెసేజీ చూపిస్తూ, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ వచ్చాడు.

"నేను లేకపోతే గడవదని ఇన్నాళ్లకి తెలిసిందన్నమాట! సరేలెండి, క్షమించేశా," అని యజమాని భుజం తట్టి, తిరిగివ్వని తన పాత కార్డుతో ఆ గది తలుపు తీసుకుని, లోపలికెళ్లి ఆయన కుర్చీలోనే కూర్చున్నాడు. తలుపు మళ్లీ మూసుకుంది.

యజమాని మళ్లీ కార్డు గీకాడు, తలుపు మళ్లీ కుయ్యిమంది. రేపటయ్యకి భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది. అంతలో మామగారి ఫోను.

"ఏమయ్యా, నా రాజీనామా ఆమోదించారట! నేనెప్పుడిచ్చాను? మచ్చ లేకుండా రిటైరయ్యానే! వస్తున్నా ఉండు."

"మావయ్యా, మీరు రావద్దు, నేను రేపు..."

ఫోను కట్టయింది. నాలుగో నంబరు రిటైరైనవాళ్లంతా రాజీనామాలోకి జారారన్నమాట. అద్దెకి మాట్లాడుకున్న ఇల్లు, తాళం చెవులు, భార్య సర్దిన గిన్నెలు, అన్నీ కళ్ల ముందే నీళ్లలో కలిసిపోతున్నట్టుంది. రేపటయ్యకి ఏడుపొక్కటే తక్కువ.

జన్మలో మొదటిసారి పని రేపటికి వాయిదా వేయలేదు. కొత్త స్థితిని మధ్యలోంచి పీకి చిట్టచివర పెట్టాడు. నంబర్లు తీసేసి అందరి స్థితులూ పేర్లతోనే దాచాడు. సీనియర్ పక్కన నిలబడి అక్షరం అక్షరం సరిచూశాడు. మళ్లీ ఆన్ చేశారు.

ఫోన్లు మళ్లీ మోగాయి. సొంత కంపెనీలో పర్మనెంటైనందుకు యజమానికి అభినందనలు అందాయి. మీసాల మేనేజరుకి వీడ్కోలు అందింది. కార్డు ఆగిపోవడంతో బయటికి రాలేక అద్దంలోంచి చేతులు ఊపుతున్నాడు. అప్పుడే ఆయాసపడుతూ లోపలికొచ్చిన మామగారి ఫోనూ మోగింది. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"'సంస్థ మీకు రుణపడి ఉంటుంది' అన్నారోయ్," అన్నారు ఫోను చూపిస్తూ. "నేను రిటైరైన రోజున ఈ ముక్క ఎవరూ అనలేదు. నువ్వే రాశావా?"

"నేనే మావయ్యా."

మామగారు అల్లుడి వీపు నిమిరారు. యజమాని కూడా తన గదిలోకి తాను వెళ్లగలిగిన ఆనందంలో ఎవర్నీ ఏమీ అనలేదు. రేపటయ్య నమ్మలేకపోయాడు. గండం గడిచింది!

హెచ్‌ఆర్ మేడమ్ వచ్చింది. "ఇప్పుడు సరిగ్గా పనిచేస్తోందా?"

"ఢోకా లేదు మేడమ్. పేర్లతో దాచాం. ఇక ఎవరి స్థితీ పొరపాటున కూడా మారదు."

"మంచిది. అయితే ఆ కొత్త దాంట్లో మొదటి మనిషిని ఎక్కించేస్తా."

"ఇంతకీ ఎవరు మేడమ్, పాపం?"

ఆమె అతని కీబోర్డు తన వైపు లాక్కుని ఏదో నొక్కింది. "పైవాళ్లు నిన్ననే అనుకున్నారులే. ఇవాళ్టి గొడవకీ దీనికీ సంబంధం లేదు," అని జాలిగా చూసి వెళ్లిపోయింది.

రేపటయ్య ఫోను మోగింది. నిరుత్సాహపడకండి, రేపనేది ఒకటుంది అని అందులో ఉంది. డేటాబేస్ తెరిచి చూశాడు. తన పేరు పక్కన, ఏ నంబరూ తారుమారు చేయలేనంత స్పష్టంగా, ఒత్తులతో సహా 'పొడిగించిన ప్రొబేషన్' అని రాసి ఉంది. మామగారు భుజం మీదుగా తొంగి చూసి, వీపు మీద చెయ్యి తీసేశారు.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి భార్య.

"ఏవండీ, లెటరొచ్చిందా? సామాన్లన్నీ కట్టేశాను. బండివాణ్ణి ఎప్పుడు రమ్మనను?"

"రేపు," అన్నాడు రేపటయ్య.