అడగకముందే వచ్చే ఫైలు

ఆ తల్లికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: మందు చీటీ చేతికొచ్చేలోపు ఏడాది కొడుకు ఊపిరి ఆగిపోతుందేమోనని. ఆ భయాన్ని కూకటివేళ్లతో పెకిలించడానికే ఆరోగ్యమంత్రిగారు ఆ రోజు ఆసుపత్రికి విచ్చేస్తున్నారు.

ప్రకటన గోడంత ఉంది. ఇకపై ఏ రోగీ ఫైలు కోసం కాచుకోనక్కర్లేదు. ఆసుపత్రి కంప్యూటర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కి "ఈ ఫైలు కావాల్సొస్తుంది" అని ఒక్క కాల్ పంపితే చాలు, ఎవరూ అడగకముందే ఫైలు డిస్కులోంచి లేచొచ్చి చటుక్కున అందే మెమరీలో కూర్చుంటుంది. పైగా కాల్ అందగానే, పని పూర్తికాకముందే సిస్టమ్ "సరే" అనేస్తుంది. ఇంత త్వరగా శాఖ పద్ధతులు పట్టేసిన కొత్త ఉద్యోగిని తాము చూడలేదని మంత్రిగారు మురిసిపోయారట.

ఆమె కౌంటర్ దగ్గర ఐదోసారి అడిగింది.

"మావాడి ఫైలు వచ్చిందా అన్నయ్యా?"

"పొద్దున్నే కాల్ పంపానమ్మా. సరే అంది," అన్నాడు గుమాస్తా.

"అయితే చీటీ ఇవ్వండి."

"సరే అంది గానీ మెమరీలోకి ఇంకా ఎక్కలేదు. ముందు మంత్రిగారి బంధువులవి ఎక్కుతున్నాయి. నూట నలభై మంది."

"అంతమందికీ ఏం జబ్బు?"

"ఇప్పటికేం లేదు. రేపు వస్తే కాచుకోకూడదు కదా."

ముందుచూపంటే అదీ.

మధ్యాహ్నానికి పిల్లాడి ఫైలు ఎక్కింది. గుమాస్తా చీటీకి ప్రింటు నొక్కబోతుండగా మంత్రిగారు వచ్చి, తమ మోకాలి నొప్పి ఫైలుతో పథకాన్ని ప్రారంభించారు. ముప్పై ఏళ్ల ఎక్స్‌రేలు. మెమరీ కిక్కిరిసిపోయింది.

"మీవాడిది దిగిపోయిందమ్మా. చోటు చాలకపోతే, చాలాసేపు ఎవరూ అడగనిదాన్ని మిషనే దించేస్తుంది."

"నేను అడుగుతూనే ఉన్నాగా?"

"మీరు నన్నడిగారు. దాన్ని నేనడగాలి. నేను చప్పట్లు కొడుతున్నాను."

గుమాస్తా మంచివాడు, కుశలం కూడా అడిగాడు. "బాబు దగ్గర ఎవరున్నారు?"

"నర్సక్క చూస్తానంది."

"ఆవిడ సభలో ముందువరసలో ఉంది కదమ్మా. మంత్రిగారు రాకముందే కుర్చీలు నిండాలని వార్డువాళ్లందరినీ పొద్దున్నే కూర్చోబెట్టారు."

ఆమె వెనక్కి చూసింది. వరసలో నలభై మంది. కదిలితే చోటు పోతుంది, మళ్లీ చివరినుంచి నిలబడాలి.

గోడమీది తెర వెలిగింది. కాల్స్ వెయ్యి, సరేలు వెయ్యి, నూరుశాతం విజయం. గుమాస్తా ఇంకో కాల్ పంపాడు. సరే అంది.

మీరు అటువైపు వెళ్తుంటే పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం చూడండి. పసుపు చొక్కా, ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ. ఛాతీ ఆడుతోందో లేదో ఒక్క నిమిషం నిలబడి చూసి, కౌంటర్ దగ్గరికొచ్చి ఆమెకు చెప్పండి.