నూట ముప్పై ఏడు పేజీల్లో ఒక్క వరుస

1996వ సంవత్సరంలో నల్లగొండ జిల్లాలోని ఒకానొక సర్కారు కార్యాలయంలో కంప్యూటర్ యుగం ప్రారంభమైనదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. కొబ్బరికాయ కొట్టారు. తెరకు బొట్టు పెట్టడంతో రెండు రోజులు అక్షరాలు ఎర్రగా కనిపించాయి. చెప్పులు గుమ్మం బయట విడిచి ఆ గదిలో అడుగుపెట్టే భాగ్యం టైపిస్టు ఐలేశానికి దక్కింది.

ఇరవై రెండేళ్లు టైపు మిషన్ మీద వేళ్లరగదీసిన మనిషి. వరుస చివర గంట మోగగానే మీట తోయడం అతని నరాల్లో ఉంది. కంప్యూటర్‌కు గంట లేదాయె! అందుకని ఐలేశం తనే నోటితో "టింగ్" అనుకుని, ప్రతి వరుస చివరా ఎంటర్ నొక్కేవాడు. పట్టికలను స్పేసులతో పేర్చాడు. పేజీ నంబర్లు స్వహస్తాలతో అడుగున కొట్టాడు. యంత్రం తనంతట తాను చేసే పనులేవీ దాన్ని చేయనివ్వలేదు.

ఆ విధంగా తయారైంది, ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టిన ఊళ్లకు మంచినీటి ట్యాంకులు కోరుతూ నూట ముప్పై ఏడు పేజీల నివేదిక. అందులో పేరుంటేనే ఊరికి ట్యాంకు. సోమవారం హైదరాబాదు చేరాలి. శనివారం పొద్దున భార్య సుక్కమ్మ, "మన తుమ్మలబావి ఎక్కించినవా?" అంది. చూస్తే లేదు. ఊళ్లన్నీ కొట్టిన మహానుభావుడు సొంత ఊరినే మరిచాడు!

"ఒక్క లైనే గద, ఎక్కియ్యవయ్యా," అన్నారు ఆఫీసరు గారు, ఉదారంగా.

నాలుగో పేజీలో ఎక్కించాడు. అంతే! నాలుగు నంబరు జారి ఐదో పేజీ నెత్తికెక్కింది, ఐదు ఆరో పేజీ నెత్తికెక్కింది. ఆఖరి పేజీలో సంతకానికని సగం ఖాళీ వదిలి, అట్టడుగున కొట్టిన ఆఫీసరు గారి పేరు నూట ముప్పై ఎనిమిదో పేజీలో ఒంటరిగా పడింది. సర్దబోయి నాలుగు స్పేసులు తీస్తే, పట్టికలో అంకెలు పక్క గడిలోకి జరిగి, ఒక ఊళ్లో మూడు వందల గొర్రెలకు పళ్లు గారపట్టినట్లు తేలింది.

"నేనేమన్న తప్పిపోయిన పిల్లగాన్నా, నన్నొక్కన్నే గాడ నిలబెట్టినవు?" అని గర్జించారు ఆఫీసరు గారు. "రిపోర్టంటే సర్కారు ఇజ్జత్! ఇజ్జత్ వంకర ఉండొద్దు!"

ఆదివారం సాయంత్రానికి ఐలేశం ఓడిపోయాడు. తుమ్మలబావి వరుసను తీసేశాడు. ఇన్‌స్పెక్టరు వచ్చిన బడిలో పిల్లల్లా అన్ని పేజీలూ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. అతనికి ముందు సంతోషం కలిగింది. సిగ్గు తర్వాత వచ్చింది, కాని అప్పటికే ప్రింటు మొదలైంది.

జాబితాలోని ఊళ్లన్నింటికీ ట్యాంకులు వచ్చాయి. ఐలేశానికి, అంచులు చక్కగా ఉంచినందుకు, ప్రశంసాపత్రం వచ్చింది. దాంతోపాటు నివేదిక కాపీ ఒకటి ఇంటికి తెచ్చి భార్య ముందు పెట్టాడు. చదువురాని సుక్కమ్మ తిరగేసి, ఆఖరి పేజీ తెలుపు మీద అరచెయ్యి ఆనించింది.

"గింత జాగ ఉత్తగనే ఉన్నదేంది?"

"అది సారు సంతకానికి."

"మరి మన ఊరి పేరు గీడ రాస్తే ఏం పోయె?"

"గట్ల రాస్తే మంచిగ కనబడదే!"

సుక్కమ్మ గారపట్టిన పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది.

"మరి మనం మంచిగ కనబడుతున్నమా?"