ఏడు రోజుల కీ

నవ్వకుండా వింటానంటే చెబుతాను. నాకు తుమ్ములున్నాయి. ఎవరికి లేవు అంటారేమో, మీ తుమ్ములు వేరు, నావి వేరు. నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. ఆవగింజలో సగం ఉండే మరలు బల్ల మీద పరుచుకుని కూర్చుంటాను. ఆ సమయంలో ఒక్క తుమ్ము వచ్చిందంటే అరపూట నేల మీద పాకాల్సిందే.

మా ఇంట్లో వీధి వైపు గది షాపు, వెనక రెండు గదులు సంసారం. నేను తుమ్మినప్పుడల్లా మా ఆవిడ వంటింట్లోంచి లెక్కపెడుతుంది. ఓ రోజు "పద్నాలుగు!" అంటూ వచ్చి నా ముందు నిలబడింది. పదిహేనోది డాక్టరు గారి ఎదురుగా తుమ్మాను.

ఆయన దుమ్ము ఎలర్జీ అని తేల్చి, చిన్న తెల్ల మాత్రలు రాశారు. "రోజుకి ఒకటే. రాత్రి భోంచేశాక. కొందరికి మగతగా ఉంటుంది, మీ సంగతి తెలిసేదాకా స్కూటర్ జోలికి పోకండి. జలుబు మందులేవైనా వాడాలంటే ముందు నన్నడగండి." ఇవన్నీ నాకే చెప్పారు. విన్నది మాత్రం మా ఆవిడ.

ఆ రాత్రి నుంచి కొత్త బాధ మొదలైంది.

"మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాను."

"ఏదీ, నోరు తెరవండి."

పెళ్ళైన ఇరవై ఏళ్ళకి పెళ్ళాం ముందు నోరు తెరవమంటే ఎలాగండీ? నాకా అలవాటు ఎప్పుడో తప్పిపోయింది.

మూడో రోజు ఎవరిదో పాత గోడ గడియారానికి కీ ఇస్తున్నాను. అప్పుడు తట్టింది. దీనికి వారానికోసారి కీ ఇస్తే ఏడు రోజులు ఆడుతుంది కదా, నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? ఏడు మాత్రలూ ఆదివారం పొద్దున్నే వేసేసుకుంటే మళ్ళీ ఆదివారం దాకా తుమ్మూ ఉండదు, తనిఖీ ఉండదు. చేతి గడియారానికి బెల్టు మార్పించుకుంటున్న పంతులుగారికి ఈ సిద్ధాంతం వివరంగా చెప్పాను. ఆయన నన్ను అదోలా చూసి, సగం బిగించిన బెల్టుతోనే వెళ్ళిపోయాడు.

శనివారం ఏడు మాత్రలు రేకులోంచి ఒలిచి, మరలు దాచుకునే డబ్బా ఒకటి ఖాళీ చేసి అందులో పోశాను. ఆదివారం మా ఆవిడ పెరట్లో బట్టలారేస్తుండగా, అవన్నీ అరచేతిలోకి ఒంపుకుని ఒక్క గుక్కలో మింగేశాను. పని అయిపోయింది కదా అని తీరిగ్గా మాత్రల అట్టపెట్టెలో మడిచి పెట్టిన కాగితం తీశాను. అందులో అక్షరాలు మామూలు కళ్ళకి ఆనవు. నాకు కంటికి తగిలించుకునే భూతద్దం ఉందిగా!

మోతాదు మించితే విపరీతమైన మగత, అయోమయం, గుండె దడ రావచ్చనీ, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలనీ ఉంది.

దడ అని చదివానో లేదో, దడ మొదలైంది. దానికి తోడు గొంతులోంచి చల్లటి గాలి. ఊపిరి పీలిస్తే ఇంకా చల్లగా ఉంది. ఒళ్ళు చల్లబడిపోతోందని అర్థమైపోయింది.

"ఏమేవ్!"

తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఆసుపత్రికి పద. ఏడు మాత్రలు మింగేశాను."

దాని ముఖంలో రక్తం లేదు. "ఏవి? మళ్ళీ కొత్తవి కొన్నారా?"

"కాదే. మరల డబ్బాలోవి."

"హమ్మయ్య!" అని కుర్చీలో కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీకేం కాదు లెండి."

"మొగుడు చల్లబడిపోతుంటే ఏం కాదంటావేం?"

"అయ్యో, ముందు నే చెప్పేది వినండి."

"వినే వ్యవధి లేదు! నేనే నీకొకటి చెప్పాలి. మీ నాన్నగారి గడియారం..."

మామగారు చివరి రోజుల్లో కూతురికి ఇచ్చిన గోడ గడియారం అది. రెండేళ్ళుగా నా షాపు మూలన పడుంది. ఎప్పుడడిగినా లోపలి సామాను ఇంకా రాలేదని చెబుతూ వచ్చాను.

"సామాను రాకపోవడమేం లేదు. విప్పిన రోజే దాని మీద తుమ్మాను. చిన్న పళ్ళచక్రం ఎగిరిపోయింది. వారం రోజులు వెతికాను. నువ్వు ఏడుస్తావని చెప్పలేదు. నీతో అబద్ధమాడి పోవడం నాకిష్టం లేదే."

చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది. అందులో నటన లేదు.

మా ఆవిడ లేచి వెళ్ళి కుట్టుపెట్టె తెచ్చింది. బొత్తాల అడుగు నుంచి చిన్న కాగితం పొట్లం తీసి విప్పింది. ఇత్తడి పళ్ళచక్రం! ఒక్క పన్నూ విరగలేదు.

"ఆవేళే మీ చొక్కా జేబులో దొరికింది, ఉతుకుతుంటే."

"మరి రెండేళ్ళుగా చెప్పలేదేం?"

"మీరే చెబుతారని చూశాను."

ఆ చక్రాన్ని గుండెలకి హత్తుకున్నాను. "పోయేముందు దీన్ని చూశాను, అదే చాలు."

"మీరెక్కడికీ పోవడం లేదు. మింగినవి పిప్పరమెంటు బిళ్ళలు."

పంతులుగారు ఆ రోజు మా షాపు దిగి, చుట్టూ తిరిగి పెరటి గుమ్మం దగ్గరికే వెళ్ళాడట. నేను పడుకున్నాక డబ్బాలోవి మార్చేసిందట. మాత్రలన్నీ, రేకులో మిగిలినవాటితో సహా, మా ఆవిడ బీరువాలో ఉన్నాయి.

నాకు ప్రాణం లేచొచ్చింది. గొంతులో చల్లదనం కూడా ఒక్కసారిగా తియ్యగా అనిపించింది.

"ఇంత సంతోషం నాకు మన పెళ్ళినాడు కూడా కలగలేదే!" అనేశాను.

"కానివ్వండి, అదీ ఇవాళే చెప్పేశారు" అంది.

ఆ రాత్రి నుంచి బుద్ధిగా రోజుకొకటే. కొద్ది రోజుల్లోనే తుమ్ములు పద్నాలుగు నుంచి రెండుకి దిగాయి. ఒక్క తుమ్మూ రాని ఓ మధ్యాహ్నం చక్రం బిగించి, మామగారి గడియారాన్ని భోజనాల గదిలో తగిలించాను. మా ఆవిడ దాని టిక్‌టిక్ వింటూ చాలాసేపు నిలబడిపోయింది. ఆదివారం ఆదివారం కీ ఇచ్చేది నేనే.

"దానికి వారానికోసారి చాలు. మీకైతే రోజూ ఇచ్చుకోవాలి" అంటూ మాత్ర, మంచినీళ్ళు నా ముందు పెడుతుంది.

మింగుతాను. అడక్కుండానే నోరు తెరుస్తాను.