ఒకే ఊరు, ఒకే పేగు

యోనాకు ఏ రోగమూ లేదని దవాఖానలో తేల్చి చెప్పిన సాయంత్రం, గోదావరిఖనిలోని ఆ కార్మికుల కాలనీ అంతా పరామర్శకు తరలివచ్చింది. ఎదురింటి సమ్మవ్వయితే యోనా భార్య సుగుణమణి చెయ్యి పట్టుకుని కళ్లొత్తుకుంది.

"ఏం జేస్తవు బిడ్డా, మనసు రాయి జేస్కో. దేవుడు గట్ల రాసిండు."

తెలియని వారి కోసం ఒక మాట. బొగ్గు బావిలో దిగే మనిషి ఒంట్లో బాగాలేక మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయితే, అతని కొలువు పిల్లల్లో ఒకరికి వస్తుంది. అందుచేత ఈ ప్రాంతంలో తండ్రి రోగం పిల్లలకు ఆస్తి కింద లెక్క. యోనా ఏ ఆస్తీ కూడబెట్టలేకపోయాడు. ఇన్నేళ్లు భూమి కింద బొగ్గు ఎత్తినా మనిషి గుండులా ఉన్నాడు. రాళ్లు తిన్నా అరిగించుకునే కడుపు అతనిది. రిటైర్మెంటు దగ్గరపడుతోంది, కూతురు శాలిని డిగ్రీ చేతపట్టుకుని ఇంట్లో కూర్చుంది. రెండోసారి అన్నం పెట్టించుకునేటప్పుడు యోనాకు కూతురి మొహం చూడాలంటే సిగ్గేసేది.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి శాస్త్రవేత్తల బృందం వేంచేసింది. మనిషి పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం చేస్తుంటాయనీ, అవి చల్లగా ఉంటేనే మనిషి చల్లగా ఉంటాడనీ, బొగ్గు బావుల వాళ్ల కడుపుల్లో ఎవరెవరు ఉంటున్నారో విచారించడానికి వచ్చామనీ మైకులో ప్రకటించారు. ఒక్కొక్కరూ పొద్దున్నే చిన్న డబ్బాలో 'నమూనా' తెచ్చివ్వాలి. ఇది కేవలం పరిశోధన, కొలువులతో ఎలాంటి సంబంధమూ లేదని పదేపదే చెప్పారు. లేని సంబంధం గురించి అన్నిసార్లు ఎవరు చెబుతారు? కాలనీకి సంగతి అర్థమైపోయింది. ఇది మారువేషంలో వచ్చిన మెడికల్ బోర్డు.

ఆ క్షణం నుంచి సదయ్య దశ తిరిగింది. యోనా పక్క క్వార్టర్లో ఉండే సదయ్యకు కడుపు ఏనాడో పాడైంది. మజ్జిగ తాగినా పరుగే, మంచినీళ్లు తాగినా పరుగే. నిన్నటిదాకా షేర్ ఆటోలో అతని పక్కన కూర్చోవడానికి జనం జంకేవారు. ఇప్పుడు తెల్లారేసరికి అతని గుమ్మం ముందు డబ్బాలతో బారు తీరారు. మంథని నుంచి వచ్చి ఆఫీసులో గుమాస్తాగా స్థిరపడిన లక్ష్మీనరసింహ గారు మడి కట్టుకుని మరీ నిలబడ్డారు. అంటు వస్తువుకు ఉండదు, ఉద్దేశానికే ఉంటుందని ముందూ వెనకా ఉన్నవారికి శాస్త్రం విప్పి చెప్పారు.

యోనా వంతు వచ్చింది. "బావా, జెరంత నాకు గూడ ఇయ్యే. పిల్ల బతుకు నీ చేతుల్నే ఉన్నది."

"తీస్కపో బావా. పది మంది పిల్లలు బాగుపడుతరంటే నా కడుపును దాసుకుంటనా?" అన్నాడు సదయ్య.

అడిగినవారికి లేదనలేదు కర్ణుడు. తీరా తన వంతు వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. ప్రభుత్వం వారికి ఖాళీ డబ్బా ఇవ్వడం మర్యాద కాదు కదా! సదయ్య అవస్థ చూసి యోనా మనసు కరిగింది.

"నా సొంతది ఉత్తగనే పడి ఉన్నది గదా బావా, గదే వెట్టు. నీ రోగం లోకమంతకు ఎరికే, నీకేం ఫికరు?"

మూత మీద సదయ్య పేరు రాసి ఇచ్చేశారు. ఇరుగుపొరుగు అంటే అలా ఉండాలి.

ఫలితాలు చెప్పడానికి పెద్ద సభ పెట్టారు. ముఖ్య శాస్త్రవేత్త మైకు ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"సోదర సోదరీమణులారా! ఇలాంటి అద్భుతం భూమండలంలో మరెక్కడా లేదు. కవల పిల్లలకు కూడా పేగుల్లోని జీవులు అచ్చం ఒకేలా ఉండవు. ఇక్కడ మీ కులాలు వేరు, మతాలు వేరు, తినే తిండి వేరు. పేగు మాత్రం ఒక్కటే! బొగ్గు మిమ్మల్ని లోపలి నుంచి ఏకం చేసింది!"

చప్పట్లు ఆగలేదు. సమైక్యతకు ఇంతకన్నా లోతైన సాక్ష్యం దొరకదని వేదిక మీది పెద్దలందరూ ఒప్పుకున్నారు. ఒక నాయకుడు 'ఒకే ఊరు, ఒకే పేగు' అని నినాదమిచ్చాడు. జనం గొంతు కలిపారు. శాస్త్రవేత్త మళ్లీ మైకు అందుకున్నాడు.

"ఇంతమంది రోగిష్టుల మధ్య ఒక్క మహానుభావుడు ఉన్నాడు. దేశానికే ఆదర్శమైన కడుపు, శ్రీ సదయ్య గారిది!"

శాలువా కప్పబోతుండగా సదయ్య కడుపు పట్టుకుని వేదిక దిగి పరుగెత్తాడు. వినయమంటే అదీ అని సభ మెచ్చుకుంది.

తర్వాత అసలు మెడికల్ బోర్డు ముందు సదయ్య ఎంత మెలికలు తిరిగినా లాభం లేకపోయింది. ఆ శాలువా అడ్డొచ్చింది. ఆదర్శమైన కడుపు కనుక ఫిట్ అన్నారు. యోనా తన పాడు పేగుల కాగితం చూపించాడు. అది ఊరందరికీ ఉన్నదే, ఇక్కడ దాన్నే ఆరోగ్యమంటారు, కాబట్టి ఫిట్ అన్నారు. యోనా ఇంటికొచ్చి, దుఃఖం ఆపుకోలేక రెండు కంచాల అన్నం తిన్నాడు. అదీ అరిగిపోయింది.

ఆదివారం చర్చిలో సుగుణమణి లేచి నిలబడి కళ్లు మూసుకుంది.

"ప్రభువా, అందరికి అన్నీ ఇస్తున్నవు. మా ఆయనకు ఏదన్న ఒక్కటి ఇయ్యి తండ్రీ. మరీ పానం వొయ్యేది వద్దు, పని చెయ్యలేనంత చాలు."

ఆమేన్ అని చర్చి దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా అన్నది యోనాయే. శాలిని మాత్రం నోరు తెరవలేదు. తెరిస్తే ఏ మాట బయటికొస్తుందోనని ఆమెకు భయమేసింది.

ఇక్కడ నవ్వదలచిన పాఠకులు, తమ నాయనగారి ఇల్లు ఇంకా ఎవరి పేరున ఉందో ఒకసారి తలచుకుని, ఆ తర్వాత నవ్వవలసిందిగా మనవి.