ఏమీ వేయని మడి

మంగయ్య ఆ పొద్దున అనుకున్న పని చిన్నదే. చాయ్ తాగాలి, టేపూ నోటుబుక్కూ పట్టుకుని మిర్చి చేనికి పోవాలి, ముప్పై చెట్ల ఎత్తు కొలిచి రాసుకోవాలి, ఎండ ముదరకముందే ఇంటికి రావాలి. నలభై రోజులుగా చేస్తున్నదే.

పర్ణశాల రోడ్డు దిగి అడవి మొదలయ్యే చోట అతనికి మూడెకరాల మిర్చి ఉంది. అందులో ఒక మూలను పరిశోధన కేంద్రం నుంచి సునంద అనే మేడం వచ్చి మూడు మడులుగా విడగొట్టింది. మొదటి మడికి కొత్తగా వచ్చిన నల్ల పొడి మందు. రెండో మడికి మంగయ్య ఏటా వేసే ఎరువే. మూడో మడికి నీళ్లు తప్ప ఏమీ లేదు. ఒక్కో మడిలో పది చెట్లకు ఎర్ర రిబ్బన్లు కట్టింది.

"ఏమెయ్యకుంటే దాన్ని కొలుసుడెందుకు మేడం?" అని మంగయ్య మొదటి రోజే అడిగాడు.

"ఏమీ వెయ్యనిది పక్కనుంటేనే అన్నా, వేసింది ఎంత పనిచేసిందో తెలిసేది. లేకపోతే వానకు పెరిగిందో, మందుకు పెరిగిందో ఎట్ల చెప్తం?"

మంగయ్యకు ఆ మాట నచ్చింది. ఊళ్లో చాలామంది గొప్పతనం పక్కన పోల్చడానికి ఎవరూ లేకపోవడం వల్లే నిలబడిందని అతనికి ఎప్పటి నుంచో అనుమానం.

"ఇంకో మాట," అంది సునంద. "మీరు అనుకున్నది రాయొద్దు. చూసింది రాయండి. ఎంత పిచ్చిగ అనిపించినా సరే. ప్రయోగం సక్కగ నడిస్తే ఇంకో రెండేళ్లు మీ చేన్లనే. చెడితే వైరా దిక్కు పోతది. ఆఖరి రోజు పెద్ద సారు వస్తడు. లెక్కలు మీరే చదవాలె."

మంగయ్య ఏడో తరగతిలో బడి మానేశాడు. ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్లలో సంతకం ఎక్కడ పెట్టాలో చూపించినవాళ్లే తప్ప, కాగితంలో ఏముందో చదవమన్నవాళ్లు లేరు. ఇప్పుడు పదిమంది ముందు చదవమంటున్నారు. ఆ రాత తప్పు పోకూడదన్నది ఒక్కటే అతని దిగులు.

కొత్త మందు అమ్మే వెంకటనారాయణకు ఇదంతా వేడుకగా ఉండేది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, రోడ్డు మీద ఎరువుల దుకాణం. "రండి రండి, ఏడో క్లాసు సైంటిస్టు గారూ! ఈ రోజు ఏం కనిపెట్టారండీ?" అని బండి ఆపి మరీ పలకరించేవాడు.

ఆ పొద్దున మంగయ్య కొలిచాడు, పది పది చెట్ల లెక్క కూడాడు, పదితో భాగించాడు. మొదటి మడి సగటు నలభై ఒక్క సెంటీమీటర్లు. రెండోది నలభై ఆరు. ఏమీ వేయని మూడోది యాభై ఎనిమిది.

మళ్లీ కూడాడు. యాభై ఎనిమిదే. భాగహారం మీద అతనికి పూర్తి నమ్మకం లేదు గాని, మూడుసార్లు ఒకేలా తప్పు పోయేంత తెలివి తనకు లేదని మాత్రం తెలుసు. ఇక మిగిలింది టేపు. సాగిందేమోనన్న అనుమానంతో ఇంటికి వచ్చి భార్య ఉప్పలమ్మను గోడకు ఆనించి నిలబెట్టాడు.

"ఏంది గిది? నన్ను కొలుస్తున్నవ్?"

"మొన్న దవాఖానాల నీ ఎత్తు రాసిచ్చిండ్రు కద. టేపు మంచిగున్నదా లేదా అని చూస్తున్న."

"నేను మంచిగున్ననా లేదా అని ముప్పై ఏండ్లల్ల ఒక్కనాడన్న అడిగినవా?"

టేపు బాగానే ఉంది. ఉప్పలమ్మే మూడు రోజులు బాగాలేదు.

మంగయ్య చేసేదేమీ లేక, మేడం చెప్పినట్టు చూసింది చూసినట్టు రాస్తూ పోయాడు. మూడో మడిలో మేక పెంటికలు. ఇంకో రోజు, కూలీలు పోయాక మూడో మడి మొదళ్లలో నల్ల పొడి. ఇంకో రోజు, మూడో మడిలో పేడ వాసన. మొదటి మడి గట్టు మీద బండి టైరు జాడ, పక్కన ఖాళీ మందు సంచి, "నాకు బండి లేదు." ఎందుకో, ఎవరో తెలియదు. తెలియనిది రాయలేదు.

ఈలోగా ఊరు తన లెక్క తాను కట్టుకుంది. ఏమీ వేయకపోతేనే మిర్చి గట్ల పెరుగుతదట అన్న మాట చాయ్ హోటల్లో మొదలై సంతకు పోయింది. పక్క ఊళ్ల రైతులు వచ్చి మూడో మడిని చూసి, ఏమీ వేయకుండా ఉండడానికి ఎకరానికి ఎంత ఖర్చవుతుందని అడిగారు. ఇద్దరు వెంకటనారాయణ దగ్గర చెప్పిపెట్టుకున్న మందు వద్దనేశారు. ఆయన పలకరింపులు ఆగిపోయాయి.

ఆఖరి రోజు చేను పక్కన టెంటు వేశారు. పెద్ద సారు టోపీ పెట్టుకుని వచ్చాడు. మంగయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, నోటుబుక్కు రెండు చేతులా పట్టుకుని నిలబడి, వణకకుండా చదివాడు. మొదటి మడి నలభై ఏడు. రెండో మడి యాభై ఐదు. మూడో మడి డెబ్భై ఒకటి.

టెంటు కింద ఎవరో చప్పట్లు కొట్టారు. సునంద ముఖం పాలిపోయింది. వెంకటనారాయణ లేచాడు.

"ఇది మోసమండీ! మా మందు ఎత్తుకెళ్లి మూడో మడిలో పోశాడు. ఏడో క్లాసోడికి పుస్తకం ఇస్తే ఇలాగే ఉంటుందండీ!"

మంగయ్య నోరు తెరిచేలోపే కూలికి వచ్చే లాలి లేచింది. "మంగన్న మీద మాటొద్దు. పోసింది నేను. సంచిల అడుగున మిగిలితే పారబొయ్య పానం ఒప్పలే. అన్న ఆ మడి మర్సిపోయిండు, మేడం చూస్తే ఇజ్జత్ పోతదని నేనే సల్లిన."

"ఒక్కసారేనా?" అంది సునంద నీరసంగా.

"మందేసిన పతిసారి."

వెనక నుంచి మేకలు కాసే రూప్‌సింగ్ గొంతు సవరించుకున్నాడు. "మంగన్నకు యూరియా దొరకలేదేమో, అడగనీకి సిగ్గుపడుతుండేమో అనుకున్న. మేక ఎరువు రెండు గంపలేసిన. చెప్తే బాధపడతడని చెప్పలే."

అందరూ ఉప్పలమ్మ వైపు చూశారు. పేడ ఎవరి ఇంట్లో ఉంటుందో అందరికీ తెలుసు.

"అవ్, పోసిన," అంది ఆమె. "పేడనీళ్లు, శుక్రారం శుక్రారం. ముగ్గురు పిల్లలుంటే ఇద్దరికి పెట్టి ఒకన్ని ఖాళీ పళ్లెం ముంగట కూసోబెడ్తరా? గిదేం సదువు మేడం?"

పెద్ద సారు మొదటి మడిలోకి నడిచి ఒక ఆకు తుంచాడు. అంచులు మాడి ఉన్నాయి. "ఇది డోసు రెట్టింపు పడ్డ ఆకు," అన్నాడు. తర్వాత నోటుబుక్కు అడిగి తీసుకుని, ఒక్కో పేజీ తిప్పి, టైరు జాడ దగ్గర ఆగాడు. టెంటు పక్కన ఆపి ఉన్న బండిని ఒకసారి చూశాడు.

"కొద్దిగా ఊతమిద్దామని అండీ," అన్నాడు వెంకటనారాయణ.

మంగయ్య ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. పోయింది. ప్రయోగం వైరాకే పోయింది. అతను చెయ్యి చాచాడు, పుస్తకం వెనక్కి తీసుకుని ఇంటికి పోదామని.

పెద్ద సారు ఇవ్వలేదు. "ప్రయోగం చెడిపోయింది," అన్నాడు. "మూడు మడుల్లో ఒక్క రెండోదే నమ్మదగ్గ లెక్క. దాని మీద జాలిపడ్డవాళ్లు లేరు, ఆశపడ్డవాళ్లూ లేరు. కానీ ఏ రోజు, ఏ మడిలో, ఏది చెడిందో ఇందులో తేదీలతో ఉంది. నా సర్వీసులో చెడిన ప్రయోగాలు బోలెడు చూశాను. అన్నిటి పుస్తకాలూ శుభ్రంగా ఉండేవి. మంగయ్యగారూ, వచ్చే ఏడు కూడా ఇక్కడే. రాసేది మీరే."

మంగయ్యను "గారూ" అని వెటకారం లేకుండా పిలవగా ఊరు వినడం అదే మొదటిసారి. ఉప్పలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "రాసుడొక్కటే వస్తది, పనికిమాలినోడికి," అంది. ఆమె నోట అది మెచ్చుకోలే.

మరుసటి ఏడు మూడో మడి చుట్టూ ముళ్లకంచె వేశారు. లాలితో ఒట్టు పెట్టించారు. రూప్‌సింగ్ తన మందను వాగు అవతలికి మళ్లించాడు. వెంకటనారాయణ బండి ఆ దారిన రాలేదు. ఉప్పలమ్మ, ఆకలికి పాలిపోయే చెట్లను తన కళ్లతో చూడలేనని నేలకొండపల్లిలో చెల్లెలి ఇంటికి పోయింది. ప్రయోగానికి అంతకన్నా మంచి ఏర్పాటు ఉండదని సునంద సంతోషించింది.

ఇరవయ్యో రోజు సునంద వచ్చి నోటుబుక్కు తెరిచింది. అంకెలు కుదురుగా ఉన్నాయి. ముందు రోజు పేజీలో, "మూడో మడిలో ఆకులు పసుపు తిరిగాయి, చూడబుద్ధి కాలేదు" అని ఉంది. ఆ పొద్దుటి పేజీలో రెండే వాక్యాలు, చూసింది చూసినట్టు:

"మూడో మడిలో పేడ వాసన. ఉప్పలమ్మ ఊళ్లో లేదు."