గూఢచారి పేరుతో డజను మామిడిపండ్లు

“పాలమూరు గడ్డ మీద నా కండ్లు గప్పి పోయెటోడు ఇంక పుట్టలే, ఆపా!” అని హఫీజ్ ప్రకటించాడు. అప్పటికి అతని చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి.

అక్క సాబిరాకు ఒళ్లు మండింది. కొల్లాపూర్‌లో కౌలుకు పట్టిన తోట కాయంతా తన ఇంట్లో గడ్డి మీద మగ్గుతోంది. వెబ్‌సైట్‌లో మొదట బాగానే వచ్చిన ఆర్డర్లు ఉన్నట్టుండి నిలిచిపోయాయి. ఇంకో రెండు రోజులు గడిస్తే పండ్లన్నీ బర్రెల పాలే.

ఆ వెబ్‌సైట్ కట్టిన మహానుభావుడు హఫీజే. ఉచిత ప్లాన్‌లో ఐదే పేజీలు. నాలుగింటిలో డిటెక్టివ్ హఫీజ్ జీవితం, విజయాలు, ఫోటోలు, సందేశం. మామిడిపండ్లకు దక్కింది ఒక్కటి. ఆర్డర్ ఫారాలు అతని ఫోన్‌కే వస్తాయి. అతను చదివి చెబితేనే సాబిరాకు తెలిసేది.

“ఆర్డర్లను దారిలనే ఎత్తుకపోతున్నరు. అంతర్జాతీయ ముఠా!”

“ముఠాకు నా మామిడిపండ్లు ఎందుకురా?”

“అదే మిస్టరీ!”

ఆ మిస్టరీ తేల్చడానికి ఇద్దరూ వనపర్తి బస్సెక్కారు. అక్కడ పండ్ల దుకాణం పెట్టుకున్న యోసేపే ముఠా నాయకుడట. సాక్ష్యం? అతని దుకాణంలో మామిడిపండ్లున్నాయి. నడి వేసవిలో, అదీ పండ్ల దుకాణంలో! ఇంత ఘోరం ఈ మేధావి కంటికి తప్ప ఇంకెవరికి కనబడుతుంది?

మండుటెండలో నల్లకోటు తొడుక్కుని హఫీజ్ వేలు చూపించాడు. “యోసేపూ, నీ ఆట కట్టు! మా ఆర్డర్లు ఏడ దాచినవ్?”

“ఏం ఆర్డర్లన్నా? చెల్లె, ఈయనకు ఎండదెబ్బ గిట్ల తగిలిందా ఏంది? జర నీళ్లు తాపు.”

సాబిరా సిగ్గుతో చచ్చిపోయింది.

“సాక్ష్యం చూపిస్త!” అంటూ హఫీజ్ ఫోన్ తీయబోయాడు. కోటు చెయ్యి తరాజుకు తగులుకుని, ఫోన్ పోయి పండిన పండ్ల గంపలో పడింది. యోసేపు దాన్ని తీసి, రసం తుడిచాడు. ఆ తుడవడంలో తెర మీద ఏదో తెరుచుకుంది. అతను పైకి చదివాడు.

“‘మీ ఉచిత ప్లాన్‌లో ఈ నెల వంద ఫారాలు అయిపోయాయి. వచ్చే నెల దాకా కొత్తవి తీసుకోబడవు.’ గిదేందన్నా? కింద పేర్లున్నయ్. గూఢచారి ఒకటి, డజను. గూఢచారి రెండు, డజను. ఓయమ్మో, మూడొంతులు గూఢచారులే! అందరిదీ ఒకటే ఫోన్ నంబరు.”

“ఆ నంబరు నీదే గదరా!” అంది సాబిరా.

“అది ఎర, ఆపా. దొంగను పట్టనీకి దొంగ ఆర్డర్లు పెట్టిన.”

“దొంగతనమే కాకముందు ఎర ఏందిరా?”

“ముందుజాగ్రత్త!”

సాబిరాకు ఏడుపొచ్చింది. నిజంగా కొనాలనుకున్నవాళ్లు ఫారం పోవడం లేదని విసుగెత్తి ఊరుకున్నారు. వాళ్ల చోటంతా నింపేసింది తన తోడబుట్టిన ఈ దద్దమ్మ! ఆమె కళ్లు తుడుచుకుంది.

“యోసేపన్నా, కొల్లాపూర్ల పండ్లు దింపనీకి ఆటో మాట్లాడి పెడ్తవా?”

“ఎవరింటికి చెల్లె?”

“గూఢచారుల ఇంటికి. ఆర్డర్ పెట్టిండ్రు గద, తీసుకోవాలె.”

సాయంత్రానికి హఫీజ్ ఇల్లంతా మామిడిపండ్లే. భార్య సమీనా గుమ్మంలో నిలబడి, అవి అమ్మి వచ్చేదాకా గడప తొక్కొద్దంది. మర్నాడు పొద్దున్నే డిటెక్టివ్ హఫీజ్ తోపుడుబండితో కొల్లాపూర్ సందుగొందులన్నీ గాలించాడు. పండ్లు మెత్తబడకముందే అన్నీ అమ్ముడుపోయాయి. పుట్టి బుద్ధెరిగాక అతను వెతికి పట్టుకోగలిగింది ఆ కొనేవాళ్లనే.